డల్లాస్ మామిడి మొక్కకు మన డిసెంబరు చలి

ప్రశ్న: మలక్‌పేటలో నలభై ఏళ్లుగా ఉంటున్న ఇంటిని ఈ ఏడాది అపార్టుమెంట్లు కట్టడానికి బిల్డరుకు ఇచ్చాం. దీపావళి తరువాత పని మొదలుపెడతారట. పెరట్లోని బంగినపల్లి చెట్టు మావారు స్వయంగా నాటినది. అది పోతుందన్న బెంగతో ఆయన అన్నం కూడా సరిగా తినడం లేదు. నవంబరులో డల్లాస్ దగ్గర ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లి ఆరు నెలలు ఉంటాం. ఆ చెట్టు అంటు ఒకటి, కుదరకపోతే రెండు టెంకలైనా పట్టుకెళ్లి అక్కడి పెరట్లో నాటాలని ఆయన పట్టుదల. తొమ్మిదేళ్ల మా మనవరాలు నిరుడు వేసవిలో దుకాణంలో కొన్న మెక్సికో మామిడి టెంకను కుండీలో పెడితే మొలిచి ఇప్పుడు మోకాలెత్తు అయింది. కిందటి చలికాలమంతా దాన్ని హాల్లోనే ఉంచారు. ఆకులన్నీ రాలిపోయి, వేసవి వచ్చాక మళ్లీ చిగురించింది. ఆ చలిలో మామిడి బతుకుతుందా? బతికినా కాస్తుందా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

సమాధానం: అమ్మా, ముందు చేదు మాట చెప్పేస్తాను. టెంకలూ వద్దు, అంటూ వద్దు. మామిడి టెంక పురుగు జీడి లోపలే పెరుగుతుంది, పైకి పండు నిక్షేపంగా కనిపిస్తుంది. ఇలాంటి పురుగుల భయంతోనే అమెరికా వారు మన మామిడిని చాలా ఏళ్లపాటు గడప తొక్కనివ్వలేదు. 2007లో మళ్లీ అనుమతించినప్పుడు కూడా, 400 గ్రే (వికిరణపు కొలత) మోతాదులో వికిరణ శుద్ధి చేసి సరుకుగా పంపిన పండ్లనే ఒప్పుకున్నారు. ప్రయాణికుల సంచిలో కనిపించిన మామిడి పండు, టెంక, మట్టితో ఉన్న మొక్క విమానాశ్రయంలోనే చెత్తబుట్ట పాలవుతాయి. అధికారులకు చెప్పకుండా దాస్తే జరిమానా కూడా వేస్తారు. ఆ వయసులో, అంత ప్రయాణం చేసి, ఒక టెంక కోసం అధికారి ముందు తలవంచుకుని నిలబడే పరిస్థితి మీవారికి రాకూడదు.

పైగా ఆ టెంక నుంచి ఆయన కోరుకునే చెట్టు రాదు. బంగినపల్లి టెంకలో ఉండేది ఒకటే పిండం, అది పరపరాగ సంపర్కంతో పుట్టిన బిడ్డ. మొలిచేది బంగినపల్లి కాదు, బంగినపల్లి కూతురు. తండ్రి పక్కింటి తోతాపురి కావచ్చు, వెనక వీధి నాటు మామిడి కావచ్చు. ఆ సంగతి పూతమీద వాలిన ఈగకే తెలియాలి. చెట్టును చెట్టుగా నిలబెట్టుకోవాలంటే అంటు ఒక్కటే దారి, ఆ పని చేయవలసింది మలక్‌పేటలోనే.

అందుకు ఇది సరైన సమయం. ఆషాఢం, శ్రావణం అంటు కట్టడానికి మంచి నెలలు. గాలిలో తేమ ఉంటుంది, చెట్టులో రసం పారుతూ ఉంటుంది. నగరం చుట్టుపక్కల నర్సరీలలో అంటు కట్టే చేయి తిరిగిన పనివాళ్లు ఉంటారు. ఒకరిని మాట్లాడుకుని, పెన్సిలు మందం కాండం ఉన్న నాటు మామిడి మొక్కలు పది, సంచులతో సహా మీ ఇంటికే తెప్పించుకోండి. చెట్టు మీద ఎండ తగిలే వైపున, మూడు నాలుగు నెలల వయసున్న కొసకొమ్మలను మీవారు ఎంచాలి. కొమ్మ కూడా పెన్సిలు మందమే ఉండాలి, ఈ ఏడాది పూసినది కాకూడదు. ఆ కొమ్మల ఆకులను తొడిమ ముక్క మాత్రం మిగిలేలా కత్తిరించి, ఎనిమిది పది రోజులు చెట్టు మీదే వదిలేయాలి. ఈలోగా కొసమొగ్గ ఉబ్బుతుంది, మిగిలిన తొడిమలు వేలు తగిలితే రాలిపోతాయి. కొమ్మ సిద్ధమైందనడానికి అదే గుర్తు. అప్పుడు కోసి, అదే రోజు కట్టించాలి. పనివాడు కొమ్మ అడుగును మొలలా చెక్కి, నాటు మొక్క కాండాన్ని చీల్చి అందులో దించుతాడు. పాలిథిన్ పట్టీతో బిగించి, పైన సన్నని సంచి తొడుగుతాడు. రెండు మూడు వారాల్లో చిగురు కనిపించాలి. అన్నీ అతకవు. నాలుగు కావాలనుకుంటే పది కట్టించమనడం అందుకే.

ఆ నాలుగూ మీ చెట్టే. చెట్టు సంతానం కాదు, అదే చెట్టు మరో వేరు మీద. ఒకటి ఊళ్లో బంధువుల పొలం గట్టుకు, ఒకటి నేల ఉన్న స్నేహితుల ఇంటికి పంపండి. ఒకటి మీరు తిరిగివచ్చేదాకా ఎవరిదైనా మేడమీద కుండీలో ఉండనివ్వండి. ఇంకా ఒక మాట. బిల్డరుతో ఒప్పందం ఎలాగూ రాసుకుంటారు కదా, కొత్త కట్టడంలో ఎండ పడే ఒక మూల, గోడకు పది అడుగుల దూరంలో మట్టినేలగా వదలాలని అందులో రాయించండి. నోటి మాటగా ఒప్పుకున్న మూలలో తరువాత జనరేటరు వెలుస్తుంది.

ఇక డల్లాస్. మామిడికి చలి పడదని మన వాళ్లందరి నమ్మకం. నిజానికి చలి లేకపోతే మీ మలక్‌పేట చెట్టు సరిగా పూసేదే కాదు. వానలు వెనకపట్టి ఆకు ముదిరాక, రాత్రులు 10 నుంచి 15 డిగ్రీల మధ్య కొన్ని వారాలు నిలకడగా ఉంటే, కొసమొగ్గ చిగురుగా కాకుండా పూతగా మారుతుంది. మన డిసెంబరు, జనవరి చేసే పని అదే. చలి సరిగా పడని ఏడు పూత ఆలస్యమై, చెట్టుకు ఒకవైపు పూత, మరోవైపు చిగురు కనిపించడం మీరూ చూసే ఉంటారు. మామిడికి గిట్టనిది చలి కాదు, గడ్డకట్టే చలి. ఈ తేడా పట్టుకుంటే మీ అమ్మాయి ఇంట్లో చేయవలసిన పనులన్నీ వాటంతట అవే తేలిపోతాయి.

లెక్కలు చెబుతాను, మీవారు ఇష్టపడతారు. 15 డిగ్రీల కింద మామిడి ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది, నష్టం మాత్రం లేదు. 4 డిగ్రీల కింద కొన్ని గంటలుంటే పూత, లేత పిందెలు మాడిపోతాయి. సున్నకు ఒకటి రెండు డిగ్రీలు దిగువకు వెళితే లేత మొక్క చచ్చిపోవచ్చు. సున్నకు దిగువ 4 అయితే ఎదిగిన చెట్టుకే ప్రాణగండం. డల్లాస్‌లో 2021 ఫిబ్రవరి 16న సున్నకు దిగువ 19 నమోదైంది! అంతటి చలి ఏటా రాదు, కానీ గడ్డకట్టే రాత్రులు మాత్రం ఏటా ఉంటాయి. కాబట్టి పెరట్లో నేలలో నాటడం గురించి ఆలోచన మానుకోమనండి. ఒక్క గట్టి రాత్రితో పైభాగం పోతుంది. అదృష్టం బాగుండి అడుగునుంచి చిగురు వచ్చినా అది అంటు కిందిది, అంటే నాటు మామిడిది.

మన దేశంలోనూ చలి ప్రాంతాల్లో మామిడి ఉంది. లక్నో పక్కన మలీహాబాద్ దశేరి తోటల్లో జనవరి రాత్రులు మన దగ్గరకన్నా చాలా చల్లగా ఉంటాయి. ఉత్తరాదిన లేత మామిడి మొక్కలకు మొదటి మూడు నాలుగు చలికాలాలు గడ్డితో గుడిసెలా కప్పు వేసి, పొద్దుటి ఎండ పడేందుకు ఆగ్నేయం వైపు మాత్రం తెరిచి ఉంచుతారు. మంచు పడే సూచన ఉంటే సాయంత్రమే నీళ్లు పెడతారు. సున్న దగ్గరికి వచ్చి పొద్దున్నకు తేరుకునే చలికి ఆ ఉపాయం చాలు. రోజుల తరబడి సున్న దాటని ఉత్తరపు గాలికి అది చాలదు. జపాన్‌లోని మియాజాకీలో వేడి పెట్టిన గాజు, ప్లాస్టిక్ గృహాల్లో ఇర్విన్ అనే రకాన్ని పండిస్తారు. కాయ కాయకూ వలసంచి కట్టి, దానంతట అది రాలి వలలో పడ్డాకే అమ్ముతారు. మన దగ్గర ఆ ఊరి పేరు చెప్పి అమ్మే ఎర్రకాయల మొక్కలను వేలకు వేలు పోసి కొంటున్నవారిని చూస్తే జాలేస్తుంది. ఆ ధర మొక్కది కాదు, ఆ చాకిరీది.

మీ అమ్మాయికి అంత చాకిరీ అక్కర్లేదు. కుండీ చాలు.

మీ మనవరాలి మొక్క ఎందుకు ఆకులు రాల్చిందో నాకు స్వానుభవం ఉంది. చాలా ఏళ్ల కిందట చికాగోలో మా తమ్ముడి ఇంట్లో చలికాలం గడిపినప్పుడు, ఇలాంటి మొక్కనే ప్రేమ కొద్దీ నేలలోంచి వేడిగాలి వచ్చే జాలీ పక్కన పెట్టాను. రోజూ చెంబెడు నీళ్లు పోశాను. పదిహేను రోజుల్లో ఆకుల అంచులు మాడాయి, అడుగున ఎర్రనల్లి సన్నని గూడు అల్లింది. నెలకల్లా పుల్ల మిగిలింది. వేడి గదిలో గాలి పొడిగా ఉంటుంది, చలికాలపు వెలుతురు అరకొర, అయినా వెచ్చదనం చూసి మొక్క బలహీనమైన చిగురు వేయబోతుంది. మనం పోసిన నీళ్లు తాగే శక్తి దానికి ఉండదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ హాల్లో మొక్క బతికినా ఎప్పటికీ పూయదు. దానికి డిసెంబరు అనేదే రాలేదు కదా.

కాబట్టి ఆ మొక్కకు మన డిసెంబరు చూపించాలి. డల్లాస్‌లో అక్టోబరు రాత్రులు సగటున 14 డిగ్రీల దగ్గర, నవంబరు రాత్రులు 8 దగ్గర ఉంటాయి. అంటే మన పూత కాలపు చలి అక్కడ రెండు నెలలు ముందే, ఆరుబయటే, ఉచితంగా దొరుకుతుంది. మొక్కను అప్పుడు బయటే ఉంచాలి, ఎండ బాగా పడే చోట. మన రైతులు కార్తీకం నుంచి తోటకు నీళ్లు ఎలా బిగబడతారో అలాగే కుండీకి కూడా తగ్గించాలి. రెండు అంగుళాల లోతు వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే కాసిని పోయడం. ఎరువు అక్టోబరు నుంచి బంద్. రాత్రికి 5 డిగ్రీలని వాతావరణ సూచన రాగానే కుండీని గ్యారేజీలోకి తోయాలి. అక్కడి ఫోన్లు ఫారన్‌హీట్‌లో చెబుతాయి, మీవారు గుర్తుంచుకోవలసినవి మూడే: 50 అంటే మన 10, 40 అంటే నాలుగున్నర, 32 అంటే సున్న. పగలు ఎండ కాస్తే మళ్లీ బయటికి. మీరిద్దరూ నవంబరులో చేరుతున్నారు కాబట్టి ఈ డ్యూటీ మీవారిది. ఆయనకు ఇప్పుడు కావలసింది కూడా ఇలాంటి పనే అని నాకనిపిస్తోంది.

ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీ మామూలు చలికాలంలో సాధారణంగా గడ్డకట్టే దాకా పోదు. మూలన కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే చిన్న థర్మామీటరు పెట్టండి, ఊహలతో పని ఉండదు. వెలుతురుకు మొక్కల కోసం అమ్మే ఎల్‌ఈడీ దీపాన్ని రోజుకు పది పన్నెండు గంటలు వెలిగించాలి. గ్యారేజీలో 8 నుంచి 12 డిగ్రీలు ఉన్నంతకాలం మొక్క కదలకుండా నిద్రపోతుంది, మంచిదే. తొందరపడి జనవరిలోనే పూత తోసుకొస్తే తుంచేయండి, సంకోచించవద్దు. చల్లదనం ఇంకా ఉంటే పక్కమొగ్గల నుంచి మరో పూత వస్తుంది. చలిలో విచ్చిన పూవులో పుప్పొడి పనిచేయదు, పిందె కట్టినా జీడి లేని గోలీలంత కాయలై రాలిపోతాయి. పూత ఫిబ్రవరి చివరికో మార్చికో వచ్చేలా చూసుకుంటే మీ పంట పండినట్టే. మార్చి మధ్య తరువాత అక్కడ గడ్డకట్టే రాత్రులు అరుదు, కుండీని బయట పెడితే ఈగలు, చిన్న తేనెటీగలు మిగతా పని చూసుకుంటాయి. లోపల ఉండగానే విచ్చుకుంటే మాత్రం మెత్తటి బొమ్మల కుంచెతో ఉదయం పూట గుత్తుల మీద తిప్పాలి. మనవరాలికి అప్పగించవలసిన పని అది. పిందెలు బఠాణీ గింజంత అయ్యాక నీళ్లు, ఎరువు మళ్లీ మొదలు. ఇది కూడా మన తోటల పద్ధతే.

అయితే ఇదంతా ఎవరికి చేయాలి? మనవరాలి మోకాలెత్తు మొక్కకు ఈ ఏడాది పూత రాదు. టెంక మొక్క పూయడానికి ఆరేడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అప్పటికి అది కుండీలో ఒదిగే రకమని హామీ లేదు. అలాగని పారేయవద్దు. కాండం పెన్సిలు మందం అయ్యాక దాని మీదే అంటు కట్టవచ్చు, వేరు మనవరాలిది, కొమ్మ ఫ్లోరిడా నర్సరీ రకానిది. మీవారు ఇక్కడ పనివాడి పక్కన కూర్చుని ఒకటి రెండు అంట్లు స్వయంగా కట్టి చూస్తే, వచ్చే వసంతంలో ఆ పని డల్లాస్‌లో ఆయనే చేయగలరు. దానితోపాటు అక్కడే ఒక అంటు మొక్క కొనండి. ఫ్లోరిడా నర్సరీలు కుండీకి తగిన పొట్టి రకాలు అమ్ముతాయి. నా ఓటు పికరింగ్‌కు. నడుమెత్తులోనే పూస్తుంది, గుబురుగా ఉంటుంది. మన నాలుకకు దగ్గరి రుచి కావాలంటే మల్లిక. అది నీలం, దశేరి కలిపి ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ వారు తీసిన సంకరం, అమెరికాలోనూ దొరుకుతుంది. దాని కాయను చెట్టున పండనివ్వకుండా, పక్వానికి రాగానే కోసి మన వాళ్లు గడ్డిలో మాగవేసినట్టు ఇంట్లో మాగనివ్వాలి. బంగినపల్లి కోసం అక్కడ వెతకవద్దని నా సలహా. అది పెద్ద చెట్టుగా బతకాలనుకునే జాతి, కుండీలో దానికి ఊపిరాడదు.

కుండీ గురించి క్లుప్తంగా. ఒకేసారి పెద్దదానిలో వేస్తే వేర్లు తాగని తడి నిలిచి కుళ్లుతుంది. పది లీటర్లది, మరుసటి ఏడు పాతిక, చివరికి అరవై లీటర్లది, అంతకు మించి అక్కర్లేదు. పెరటి మట్టి మాత్రం వాడవద్దు. డల్లాస్ నేల మన నల్లరేగడికి చుట్టమే: వేసవిలో నెర్రెలు విచ్చి, వానకు జిగురై, సున్నం నిండి ఉంటుంది. బెరడు ముక్కలు కలిసిన కుండీ మిశ్రమం కొనండి. అక్కడి కుళాయి నీటిలోనూ క్షారం ఎక్కువ. కొత్త ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తే అది ఇనుము లోపం, చిలేటెడ్ ఇనుము (మొక్క సులువుగా పీల్చుకునే రూపం) ఇస్తే తేరుకుంటుంది. మొక్క రెండడుగులకు రాగానే కొస తుంచితే మూడు కొమ్మలు వస్తాయి, ఆ తరువాత ప్రతి అడుగున్నరకు మళ్లీ తుంచాలి. ఐదారడుగులు దాటనివ్వకూడదు, గ్యారేజీ తలుపు ఎత్తు గుర్తుంచుకోండి. కొమ్మ తుంచినప్పుడు కారే సొన పిల్లకు తగలకుండా చూడండి. టెక్సస్ అడవుల్లో చర్మానికి దద్దుర్లు తెప్పించే పాయిజన్ ఐవీ అనే తీగ ఉంది, మామిడి దాని కుటుంబానిదే. ఆ తీగ పడని వారికి మామిడి సొన కూడా పడకపోవచ్చు.

2021లో లాగా కరెంటు పోయి, గ్యారేజీ కూడా గడ్డకట్టే రాత్రి వస్తే? కుండీని ఇంట్లోకి తెచ్చేయండి, మూడు రోజుల హాలు వేడి మొక్కను చంపదు. తేలేనంత బరువైతే కుండీకి పాత దుప్పట్లు చుట్టి, మొక్క మీద మంచు నుంచి కాపాడే గుడ్డ కప్పండి. కరెంటు ఉంటే కప్పు కింద పాతకాలపు బల్బుల తోరణం వెలిగించవచ్చు. ఎల్‌ఈడీ తోరణం అందంగా ఉంటుంది గాని వెచ్చదనం ఇవ్వదు. బొగ్గుల కుంపటి, గ్యాసు పొయ్యి మాత్రం మూసిన గ్యారేజీలో ఎట్టి పరిస్థితుల్లోనూ వెలిగించవద్దు. ఆ తుఫానులో విషవాయువుతో మనుషులే పోయారు.

కాస్తుందా అని అడిగారు. కాస్తుంది. అంటు మొక్క తొలి ఏడాది పూసినా ఆ పూత తుంచేయాలి, మూడో ఏట నుంచి పదో పన్నెండో కాయలు నిలుస్తాయి. మార్చిలో పూసిన కాయ పక్వానికి వచ్చేసరికి జులై అవుతుంది. మీరు మే నెలలోనే తిరిగి వచ్చేస్తారు కాబట్టి ఆ పండు మీకు ఫోనులోనే కనిపిస్తుందేమో. అదే మే నెలలో ఇక్కడ బంగినపల్లి దిగుతుంది. గడ్డిఅన్నారం మార్కెట్టు బాటసింగారం తరలిపోయాక మీకు దూరమైంది నిజమే, కానీ మీరు దిగేసరికి సరుకు ఉంటుంది.

అరవై లీటర్ల కుండీ తడిసినప్పుడు ఒక మనిషి బరువుంటుంది. అడుగున పెట్టే చక్రాల పలక ఒకటి కొని ఉంచమని మీ అల్లుడుగారికి ఇప్పుడే చెప్పండి. మీవారికి మాత్రం అంతకన్నా తొందర పని ఉంది. ఈ ఆదివారం నిచ్చెన మీద ఆయన ఎక్కకుండా, కింద నిలబడి చూపిస్తుంటే ఎవరైనా కుర్రవాడు ఎక్కి పన్నెండు కొమ్మలకు ఎర్ర దారం కట్టాలి, ఆకులు కత్తిరించాలి. అన్నం తిన్న తరువాతే.